మరియమ్మ తాగిన చైర్మన్ చాయ్

కరోనా తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది. బీదర్‌లో అంజయ్య చాయ్ హోటల్ పైగదిలో నా ఇంగ్లీషు ట్యుటోరియల్ నడుస్తోంది. నా దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామందే గానీ, మరియమ్మను మాత్రం నేనూ మరువలేదు, అంజయ్యా మరువలేదు.

పక్కనున్న కమఠాణ ఊరి నుంచి వచ్చేది. వాళ్ళ చర్చిలో బైబిలు చదివేది ఆమే. ఆమె చదువుతుంటే ఆమెన్ అనడానికి సందు దొరక్క, పాస్టరుగారు ఇంటికెళ్ళాక అనుకునేవారట. బీదర్‌లో ఒక ప్రైవేటు బడిలో టెంపరరీ టీచరు. పర్మనెంట్ కావాలంటే కమిటీ ముందు డెమో ఇవ్వాలి, అంటే పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపాలి. పాఠం కూడా కమిటీయే ఇచ్చింది: పార్టిసిపుల్ ఫ్రేజ్‌కు కామా ఎక్కడ పెట్టాలి.

“ఇది పోతే మా అత్త నన్ను కుట్టుమిషన్ ముందర కూసోబెడ్తది సార్,” అంది.

రూలు చిన్నదే. ‘సిట్టింగ్’, ‘టైర్డ్’ లాంటి మాటతో మొదలై, మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చెప్పే మాటల గుంపు పార్టిసిపుల్ ఫ్రేజ్. అది వాక్యం ముందొస్తే తర్వాత కామా. మధ్యలో వచ్చి అదనపు సంగతి చెబితే రెండు పక్కలా కామా. అది లేకపోతే ఏ మనిషో తెలియదనుకుంటే అసలు కామాయే లేదు. ఇదంతా మరియమ్మకు కంఠతా వచ్చు. చదివేటప్పుడు మాత్రం ఎక్కడా ఆగదు. ఆగని మనిషి కామా ఎక్కడని పెడుతుంది?

ఎందుకు ఆగవని అడిగాను.

“ఆగితే పక్కోళ్ళు మాట్లాడుతరు సార్.” ఆమెకు ఆడబిడ్డలు నలుగురు.

కింద నుంచి చాయ్ తెప్పించాను. కామా దగ్గర ఒక గుటక. “సిట్టింగ్ ఇన్ ది ఆటో” అని ఒక గుటక వేసి, “మల్లయ్య ఏట్ ఎ మిర్చీ” అనాలి. మల్లయ్యను ముందుకు తెస్తే ఆటోకు అటొక గుటక, ఇటొక గుటక. “ది మ్యాన్ సిట్టింగ్ ఇన్ ది ఆటో” అంటే ఏ మనిషో తేల్చుతున్నాం కాబట్టి కప్పు ముట్టకూడదు. వారంలో దారికొచ్చింది. ఆ వారం రాబడితో అంజయ్య బర్రెను కొన్నాడంటే మీరు నమ్మరు. నేను దాని పాలతో చాయ్ కూడా తాగాను.

డెమో రోజు నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు కుర్చీలో కమిటీ చైర్మన్. ఆయన ముందు పింగాణీ కప్పులో చాయ్, పైన మీగడ. ఆ కప్పు వైపు హెడ్మాస్టరు కూడా కన్నెత్తి చూడరు.

మరియమ్మ బోర్డు మీద వాక్యం రాసి, “సిట్టింగ్ ఇన్ ది ఆటో” అని చదివి ఆగింది. కుడిచెయ్యి గాలిలోకి లేచి కప్పు కోసం తడుముకుంది. చాయ్ లేకుండా ఆమెతో నేను ఒక్కసారైనా చదివించలేదు!

మరియమ్మ తిన్నగా వెళ్ళి చైర్మన్ కప్పు ఎత్తింది. ఒక గుటక తాగింది. “మల్లయ్య ఏట్ ఎ మిర్చీ” అని ముగించి, వెనక్కొచ్చి కామా పెట్టింది. కప్పు చేతిలోనే ఉంది. హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నారు.

“ఏందమ్మా ఇది?” అన్నారు చైర్మన్, మెల్లగా.

“కామా సార్.”

“నా చాయ్ కామానా?”

“ఆగెతందుకు సార్. గుటకకొక కామా.”

పిల్లలు అప్పటికే నీళ్ళ సీసాలు బయటికి తీశారు. చైర్మన్ తానే ఒక వాక్యం చెప్పారు: మల్లయ్య, టైర్డ్ ఆఫ్ వెయిటింగ్, వెంట్ హోమ్. తరగతంతా రెండుసార్లు తాగింది. ఆయన మరియమ్మను ఎగాదిగా చూసి ఇంకొకటి వదిలారు: “ది టీచర్ డ్రింకింగ్ మై టీ ఈజ్ బోల్డ్.”

ఒక్క సీసా లేవలేదు. మరియమ్మ చేతిలో కప్పు కదల్లేదు.

చైర్మన్ హెడ్మాస్టరు వైపు తిరిగి, “ఏ టీచరో తెలిసింది గద. ఆర్డర్ రాయుండ్రి. ఆ కప్పు గూడ ఆమెకే ఇయ్యుండ్రి,” అన్నారు.

చేతికి కర్ర ఇచ్చి నడక నేర్పినవాడే కర్ర తీసేసే రోజు కూడా చూసుకోవాలని నాకు తెలిసొచ్చింది. ఇప్పుడు నా దగ్గర కోర్సు చివర్లో చాయ్ బంద్. అంజయ్యకు నామీద కోపం. మరియమ్మ బడిలో మాత్రం సీసాలు అలాగే ఉన్నాయి. ఇంగ్లీషు పీరియడ్ అయిపోయిన గంట కొట్టగానే పిల్లలంతా బాత్‌రూమ్‌కు ఒకటే పరుగు, మధ్యలో ఒక్క కామా లేకుండా.