పోలిష్ అంకుల్ సిగలో బ్రష్

ఆ చిత్రకారుడి గురించి లోకానికి తెలిసింది మొత్తం మూడు లైన్లు. పటం కింద అంటించిన చీటీ మీద టైపు చేసి ఉండేవి. మొదటి లైను, చిత్రకారుడు ఎవరో తెలియదు. రెండో లైను, పోలండ్‌లో ఒక పల్లెటూరివాడు కావచ్చు. మూడో లైను, తగరపు రేకు మీద తైలవర్ణాలు. ఒక లైను తెలియదని చేతులెత్తేసింది, ఒకటి కావచ్చని నసిగింది, మిగిలినది రేకు గురించి. ఈ సరుకుతో నేను ప్రతి శనివారం ముప్పావుగంట మాట్లాడేవాణ్ణి. మధ్యలో మంచినీళ్ళు కూడా తాగేవాణ్ణి కాను.

నేనక్కడ ఎలా తేలానో చెప్పాలి. మేముండేది అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో. కారులో బెల్టు పెట్టుకోకపోతే టింగు టింగుమని ప్రాణం తీసే చప్పుడు ఉంది చూశారూ, దాన్ని పదకొండేళ్ళు పెంచి పెద్ద చేసింది నేనే. మా టీములో ఇంకో అరవైమంది ఉండేవారు గాని, వాళ్ళ జ్ఞాపకాలు వాళ్ళు రాసుకుంటారు. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా ఎక్కడైనా ఉచితంగా కొన్ని గంటలు పనిచేయాలన్నారు. డెట్రాయిట్ పక్కన పోలిష్ వాళ్ళ పాత పేట ఒకటుంది. అక్కడ ఒక చర్చి హాలు, దాని కింద బేస్‌మెంట్‌లో చిన్న మ్యూజియం. శనివారాలు పిల్లని డ్రైవ్ చేసి తీసుకెళ్ళి, అది దుమ్ము దులుపుతుంటే నేను పక్కన కూచుని బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి పెరోగీలు తినేవాణ్ణి. దాని గంటలు పూర్తయ్యాయి, కాలేజీకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. "చర్చి బేస్‌మెంట్‌లో ఏం పని మీకు?" అని మా ఆవిడ అడిగితే, "సంస్కృతి" అని చెప్పేవాణ్ణి. చొక్కా మీద వెన్న మరక మాత్రం వేరే సంగతి చెప్పేది.

ఆ మ్యూజియానికి సర్వాధికారి ఎనభై దాటిన ఒక పెద్దావిడ. అందరూ బాబ్చా అనేవారు. పోలిష్‌లో బాబ్చా అంటే బామ్మ. మాట వింటేనే మన బామ్మకి ఎక్కడో దూరపు చుట్టంలా లేదూ! అయిదడుగుల మనిషి, ఆరడుగుల దగ్గు. నేను చెప్పేదాంట్లో అతిశయోక్తి శ్రుతి మించితే వెనక కుర్చీలోంచి ఒక్క దగ్గు దగ్గేది. జనం జలుబనుకునేవారు. నేను లెక్క తగ్గించుకునేవాణ్ణి.

ఇక ఆ పటం. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట పోలండ్‌లో పెద్దింటివాళ్ళెవరైనా పోతే, ఆరు మూలల రేకు మీద వాళ్ళ ముఖం వేయించి శవపేటిక తలవైపు బిగించేవారట. పెట్టె మూసి ఉంటుంది, రేకు మీద మనిషి మాత్రం కళ్ళు తెరిచి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు చూస్తుంటాడు. తన చావుకి తనే పెద్దరికం వహించడమన్నమాట. పూడ్చే ముందు రేకు ఊడదీసి గుడిగోడకి తగిలించేవారు. బాబ్చా వాళ్ళ అమ్మమ్మ ఓడెక్కి వస్తూ, ఈక పరుపులో చుట్టి తెచ్చుకున్న రేకు ఇది. అందులో ఉన్నది గుండు గీయించుకుని నడినెత్తిన పిలక మాత్రం ఉంచుకున్న ఒక దొర. మీసం ఒక్కొక్కటి మూరెడు. (ఇక్కడ దగ్గు.) సరే, బెత్తెడు. మనం కుడికి జరిగితే ఆ కళ్ళు కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి. "దొరగారి సంగతి నాకక్కర్లేదు. ఆ కళ్ళు పెట్టినవాడు మా ఊరివాడు. వాడెవరో తెలిస్తే చాలు నాకు" అనేది బాబ్చా.

ఒక శనివారం బడిపిల్లల బస్సు వచ్చింది. బాబ్చాకి మోకాలు పట్టేసింది. "ప్రొఫెసర్, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. నన్ను ఆవిడ ప్రొఫెసర్ అనేది, గౌరవంతో కాదు. నేను చీటీ చూశాను. మూడు లైన్లు ఒక్క నిమిషంలో అయిపోయాయి. పిల్లలు ఇంకా నన్నే చూస్తున్నారు. దొర కూడా నన్నే చూస్తున్నాడు. ఆ కళ్ళలోకి చూస్తుంటే నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ఈ చిత్రకారుడు పనిలో కూచునే ముందు శొంఠి కాఫీ తాగేవాడు."

శొంఠి కాఫీ తాగింది మా అమ్మ.

తెనాలిలో మేం అద్దెకున్న మేడ కింద ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో చాలామంది బతికున్నన్నాళ్ళూ ఒక్క ఫోటో అయినా తీయించుకోకుండానే పోయేవారు. పోయాక ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చేవారు. స్టూడియో ఆయన వెళ్ళి, మనిషిని గోడకి ఆనించి కూచోబెట్టి ఫోటో తీసేవాడు. కళ్ళు మూసుకుని ఉన్న ఆ ఫోటో మెట్లెక్కి మా అమ్మ దగ్గరికి వచ్చేది. అమ్మ సన్నటి బ్రష్‌తో కళ్ళు వేసి పంపేది. మా వీధిలో ఆ పనికి 'కళ్ళు తెరిపించడం' అనే పేరు. కంటి డాక్టరుకి కూడా అంత పేరు లేదు.

అమ్మకి మోకాళ్ళ దాకా జుట్టు. దాన్ని ముడివేసి బ్రష్‌లు సిగలో దోపుకునేది. ఒక్కోసారి పధ్నాలుగు బ్రష్‌లుండేవి, దూరం నుంచి చూస్తే కిరీటం పెట్టుకున్నట్టుండేది. బ్రష్ కొసని పెదాల మధ్య పెట్టి సూదిలా చేసేది. సాయంత్రానికి కింది పెదవి మీద సన్నటి నల్లగీత మిగిలేది. అన్నిటికంటే ముందు, పని పట్టుకొచ్చినవాళ్ళని చాప మీద కూచోబెట్టి ఒక ప్రశ్న అడిగేది.

"ఆయన నవ్వితే ముందు ఏ కన్ను నవ్వేదమ్మా?"

వాళ్ళు తెల్లబోయేవారు. అంతలోనే ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ "కుడి కన్నండీ" అనేది. పక్కావిడ ఊరుకునేది కాదు. "కాదొదినా, మా అన్నయ్యకి ఎడమ. పేకాటలో దొంగముక్క పట్టినప్పుడు ఎడమ కన్నే ముందు నవ్వేది." "నీతో ఆడేడేమో పేకాట, నాతో ముప్పై ఏళ్ళు కాపరం చేశాడు!" అక్కడితో దెబ్బలాట మొదలు. దెబ్బలాట మధ్యలో ఎవరికో నవ్వొచ్చేది, తర్వాత అందరికీ వచ్చేది. ఆ ఇంట్లో చావు తర్వాత మొదటి నవ్వు మా మేడ మీద చాప మీద పుట్టేది. అమ్మ అప్పుడు సిగలోంచి బ్రష్ తీసేది.

ఇదంతా నేను ఆ చిత్రకారుడికి అంటగట్టాను. ఒక్కరోజులో కాదు, వారానికొకటి. కాఫీ, పెదవి మీద నల్లగీత, ఏ కన్ను ముందు నవ్వేదన్న ప్రశ్న, ఆఖరికి సిగలో బ్రష్‌లు కూడా. బాబ్చా ఒక్కసారీ దగ్గలేదు. దగ్గు లేదంటే అనుమతి ఉన్నట్టే అనుకున్నాను. పేటలో ముసలివాళ్ళు ఆదివారం చర్చి అయ్యాక పెరోగీలు తింటూ "మన చిత్రకారుడు" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన శొంఠి కోసం ఇండియన్ గ్రోసరీ అడ్రస్ అడిగాడు. నాకు మహా సంబరంగా ఉండేది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ప్రతి శనివారం ముప్పావుగంట సేపు మళ్ళీ చాప మీద కూచున్నట్టుండేది.

కిందటి వసంతంలో మా అమ్మాయి సెలవులకి వచ్చి, సరదాగా నాతో బయల్దేరింది. వెనక వరసలో కూచుని మొత్తం విన్నది. జనం వెళ్ళిపోయాక బాబ్చా నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. నా మాటలే, ఫోన్‌లో రికార్డు చేసి మనవడితో టైపు చేయించింది. నాలుగు పేరాలు.

"సోమవారం ఇత్తడి రేకు మీద చెక్కిస్తున్నాను. చీటీ పీకేసి ఇది బిగిస్తాం. ఒకసారి చూసుకో ప్రొఫెసర్, చెక్కాక పోప్ వచ్చి చెప్పినా మార్చేది లేదు" అంది. ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని కాస్త ఉప్పేసి తెలుగులో చెబుతున్నాను గాని, పోప్ మాత్రం ఆవిడే అన్నది.

"బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పి కారెక్కాను.

రెండు మైళ్ళ దాకా మా అమ్మాయి మాట్లాడలేదు. అది మాట్లాడకపోతే నాకు బెల్టు పెట్టుకోనట్టు బుర్రలో టింగు టింగుమంటుంది.

"నాన్నా, ఒకటి అడుగుతా. యూ కాంట్ గెట్ మ్యాడ్."

"అడుగు."

"అది నానమ్మ కదా? హెయిర్‌లో బ్రష్, ఆ ఐ క్వశ్చన్... అన్నీ నానమ్మ."

నానమ్మ మా ఇంట్లో ఉన్న నెలల్లో దీని బొమ్మలన్నిటికీ కళ్ళు దిద్దింది. ఎలుగుబంటికి మా మావగారి కళ్ళు వచ్చాయి, చుట్టాలొస్తే దాన్ని అల్మరాలో పెట్టాల్సి వచ్చేది. దీనికి తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఏదో కాస్త రంగు కోసం చెప్పానే" అన్నాను.

"నువ్వు నానమ్మని తీసుకెళ్ళి ఒక పోలిష్ అంకుల్‌కి ఇచ్చేశావ్. అండ్ నౌ దే ఆర్ పుటింగ్ ఇట్ ఇన్ మెటల్."

నేను పెద్దగా నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మ వేసిన కళ్ళు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో, ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. స్టూడియో ముద్ర ఉండేది. ఇప్పుడు ఆమె నోటి మాటని కూడా నేనే తీసుకెళ్ళి ఇంకొకడి పటం కింద ఇత్తడి మీద చెక్కిస్తున్నాను. తర్వాతి ఎగ్జిట్ దగ్గర కారు తిప్పాను. మా అమ్మాయి పాట సౌండ్ తగ్గించింది.

ఇద్దరం లోపలికి వెళ్ళేసరికి బాబ్చా కుర్చీలు మడుస్తోంది. "గొడుగు మర్చిపోయావా?" అంది.

"మేడమ్, ఆ కాగితంలో కొన్ని తప్పులున్నాయి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ తీసి, కూచుంది. "చెప్పు. శొంఠి కాఫీ?"

"మా అమ్మది."

గీత కొట్టింది. "పెదవి మీద నల్లగీత?"

"అదీ అమ్మదే."

"సిగలో బ్రష్‌లు?"

"అమ్మవే."

"అదా సంగతి. మా మగాళ్ళందరికీ గుండే కదా, సిగ ఎక్కణ్ణించి వచ్చిందా అని మూడు వారాలు ఆలోచించాను. ఏ కన్ను ముందు నవ్వేది అని అడగడం?"

తల ఊపాను. ఆ లైను మీద ఆవిడ పెన్సిల్ చాలాసేపు ఆగి, తర్వాత మెల్లగా కదిలింది.

"మరి మూరెడు మీసం?"

"అది నాదే మేడమ్."

నాలుగు పేరాలూ పోయాయి. ఆ చిత్రకారుడికి మళ్ళీ తెలియదు, కావచ్చు, రేకు మిగిలాయి. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. "మా అమ్మమ్మ పోయేదాకా వాడి గురించి అడుగుతూనే ఉంది. ఇన్నాళ్ళకి దొరికాడనుకున్నాను" అంది.

"మీరు దగ్గితే ఆపేసేవాణ్ణి కదా" అన్నాను. పెద్ద వయసులో చేసే చిన్నపిల్లల వాదన.

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు గొంతు లేస్తుంది, ప్రొఫెసర్. మీసం దగ్గర పైకప్పు ఎగిరిపోతుంది. ఇవన్నీ నువ్వు మెల్లగా చెప్పేవాడివి. అందుకే నిజమనుకున్నాను."

"నిజమే మేడమ్. మనిషే వేరు."

ఆవిడ నవ్వింది, కొంచెమే. కళ్ళజోడు తీసి, నాకేసి చూసి అడిగింది. "అయితే, మీ అమ్మ నవ్వితే ముందు ఏ కన్ను నవ్వేది?"

మూడు లైన్లని ముప్పావుగంట చేసినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మనసులో ఇంటిదాకా పోయాను. మా హాల్లో అమ్మ ఫోటో ఉంది. వీసా కోసం తీసిందే పెద్దది చేయించాం. నవ్వకూడదు, రెండు చెవులూ కనపడాలి అన్న రూల్ ప్రకారం నేరస్థురాలిలా చూస్తుంటుంది. రోజూ దానికి దణ్ణం పెట్టుకుంటాను. అందులో వెతికాను, చాప మీద వెతికాను, మెట్ల మీద వెతికాను. దొరకలేదు.

"లెఫ్ట్" అంది మా అమ్మాయి, వెనకనుంచి. "ఎడమ కన్ను ఫస్ట్. తర్వాత రైట్ కన్ను క్యాచప్ చేస్తుంది. నాన్నా, యూ డిడ్న్ట్ నో దట్?"

అది అనగానే అమ్మ నవ్వు కళ్ళ ముందు కనిపించింది. అవును, ఎడమదే.

బాబ్చా కాగితం మడిచి నా జేబులో పెట్టింది. "ఇది నీది. వచ్చే శనివారం ముందు మావాడి మూడు లైన్లు చెప్పు. తర్వాత మీ అమ్మ గురించి చెప్పు. ఎవరిది ఎవరిదో విడివిడిగా చెప్పు" అంది.

ఇత్తడి రేకు రాలేదు. పాత చీటీయే ఉంది, మూలలకి కొత్త టేపు వేశారు. మూడు లైన్లూ చదివి, ఈయన గురించి ఇంతకంటే తెలియదండీ అంటాను. ఆ మాట దగ్గర జనం పటానికి ఇంకాస్త దగ్గరగా వెళ్ళి కళ్ళలోకి చూస్తారు. తర్వాత తెనాలి మేడ మెట్లెక్కిస్తాను. మొన్న శనివారం, మా అమ్మ పదివేలమందికి కళ్ళు తెరిపించింది అన్నాను. దగ్గు వినపడింది. "అయిదు వందలు" అన్నాను. మళ్ళీ దగ్గు. "మూడొందలు, అంతకంటే తగ్గను" అన్నాను. తర్వాత చాప, ఆడపడుచు, పేకాట, ఆ ప్రశ్న. సరిగ్గా అక్కడ మళ్ళీ దగ్గింది.

నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ వెనక్కి తిరిగి, "మేడమ్, ఇది మాత్రం ఒట్టు, నిజం!" అన్నాను.

"తెలుసు" అంది బాబ్చా, చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ. "ఇది జలుబు."