స్వామిదాసు కుట్టిన బొమ్మల పుస్తకం

1970 వచ్చేసరికి మొయినాబాదులో బోర్డులు రాసే స్వామిదాసుకు కుంచె పట్టుకోవాలంటేనే విసుగు. ఏడాదంతా తెలంగాణ ఉద్యమం పిల్లలు అడిగితే గోడలమీద నినాదాలు రాశాడు. పోలీసులు వచ్చి గదిమితే వాటిమీద తనే సున్నం కొట్టాడు. "ఏం బతుకు ఇది" అని గోడతోనే అనేవాడు.

ఆ అలసటమీద ఇంకో పని నెత్తిన పడింది. చేవెళ్లలో ఉండే అక్క విమలమ్మ కొడుకు దయానందం పట్నంలో చదువుకుంటూ, కిందటేడు ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయాడు. అంతకు నెల ముందు ఒక ఇంగ్లీషు రాక్ పాటల రికార్డు తెచ్చి మామ చేతిలో పెట్టాడు.

"మామా, అన్ని పాటలు కలిపి ఒకటే కథ. బొమ్మలేసి పుస్తకం చెయ్యరాదు? అమ్మకు ఇంగ్లీషు సమజ్ కాదు గద."

"నాకు పనీపాటా లేదనుకున్నవా?" అన్నాడు స్వామిదాసు. ఇప్పుడు ఆ రికార్డు కనబడితే చాలు, ఆ మాటే వినబడేది.

విమలమ్మ ఏడవలేదు, చర్చికి పోవడం మానేసింది. తమ్ముడు కనబడితే మాత్రం ఒకటే అడిగేది. "దినాం గదే పెట్టుకొని వినేటోడు. అండ్ల ఏమున్నది తమ్మీ?"

రికార్డు ప్లేయరు ఉన్నది ఇంగ్లీషు పంతులు సాలోమోను సారు ఇంట్లో; సెలవులకొస్తే దయానందం రోజూ పోయి వినేదీ అక్కడే. ఆయన పాటపాటకీ ఆపి అర్థం చెప్పాడు. ఆ మోత స్వామిదాసుకు చెవిటివాడి ముందు శంఖమే కానీ, కథ మాత్రం అందింది. దాన్ని మన ఊళ్ల బొమ్మలుగా గీయడానికి కూర్చున్నాడు. ఉయ్యాల, బడి, పట్నం బస్సు, ఊరేగింపు, తుపాకీ, చివరికి సమాధి. గీస్తుంటే తల్లికి అక్క ముఖం వచ్చింది, పిల్లవాడికి దయానందం ముఖం. మార్చే ఓపిక లేదు, మార్చాలనీ అనిపించలేదు. నాలుగు నెలలు పట్టింది. సమాధి గీసిన రోజు అన్నం సయించలేదు.

బొమ్మలు గీసిన అట్టలన్నీ తనే పుస్తకంగా కుట్టాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడాయె. పుస్తకమంటే కుడివైపు నుంచి తెరుచుకునేదని చేతికి అలవాటు. అట్లాగే కుట్టేసింది చెయ్యి.

చేవెళ్లలో అక్క గడపమీద కూర్చుని, తన తెలుగు బైబిలు తెరిచినట్టే ఎడమవైపు నుంచి తెరిచింది. మొదటే సమాధి. స్వామిదాసు చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"అక్కా, అట్ల కాదు..."

ఆమె వినిపించుకోలేదు. తుపాకీ. ఊరేగింపు. తర్వాత బస్సు, కిటికీలో కొడుకు నవ్వుతున్నాడు. తర్వాత బడి. ఒక్కో ముఖంమీద వేలు ఆగి కదులుతోంది. ఆఖరి పుటలో ఉయ్యాల ఊపుతూ తనే.

ఆ పుటమీదే చెయ్యి పెట్టి తలెత్తింది. "అయితే ఆఖరికి ఇంటికొస్తడా తమ్మీ?"

అబద్ధమాడడానికి కూడా ఓపిక కావాలి. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. "వస్తడక్కా. పాట గట్లనే ఉన్నది."

"గందుకే దినాం వినేటోడు" అంది విమలమ్మ. పుస్తకం గుండెకు అదుముకుని, కొడుకు పోయాక మొదటిసారి బోరున ఏడ్చింది. స్వామిదాసు పక్కనే కూర్చున్నాడు. ఆ రెండేళ్లలో తను గీసినవాటిలో సున్నం కొట్టకుండా వదిలేసింది ఆ పుస్తకం ఒక్కటే.