నేను వెక్కిరించిన అమ్మాయి

ఒమాన్‌లోని సోహార్‌లో నేను పనిచేసే ఇల్లు డచ్ వాళ్లది. సార్ పోర్టులో ఇంజినీరు. వాళ్లకు పదకొండేళ్ల కూతురు ఉంది. సొంత భాష మరిచిపోకూడదని ఆ పాపకు వారానికోసారి కంప్యూటర్లో డచ్ క్లాసు పెట్టించారు. మొన్నామధ్య ఆ టీచరు ఒక హోంవర్కు ఇచ్చింది. వాళ్ల దేశపు టీవీలో వచ్చిన సినిమా ఒకటి చూసి, అందులో తప్పు ఎవరిదో ఒక పేజీ రాయాలట. మా చిన్నప్పుడు ఇలాంటి హోంవర్కులు ఇచ్చి ఉంటే నేను డిగ్రీ దాకా చదివేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్, సార్ బయటికి వెళ్తూ, సినిమా కాస్త బాధగా ఉంటుంది, పాప పక్కన కూర్చోమని చెప్పారు. ఇస్త్రీ బట్టల కుప్ప తెచ్చుకుని సోఫా పక్కనే నిలబడ్డాను. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు కాబట్టి పని తొందరగా తెములుతుంది అనుకున్నాను.

మొదట్లో వాన, కాలువ, గట్టు మీద సైకిళ్లు. కొబ్బరి చెట్లు లేవు గానీ అచ్చం మా కోనసీమే. పల్లెటూరి నుంచి వచ్చి కొత్తగా బడిలో చేరిన పిల్ల కథ అది. ఆ పిల్ల యాస వేరని పాప మధ్యమధ్య ఆపి ఇంగ్లీషులో చెబుతోంది. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, బుగ్గలు సొట్టలు పడే ఒక అమ్మాయి అలాగే పలికి చూపిస్తుంది. క్లాసంతా నవ్వుతుంది, టీచరు కూడా. కొట్టడాలు, తిట్టడాలు ఏమీ లేవు. కొన్నాళ్లకు ఆ పిల్ల బడికి వచ్చే దారిలోనే సైకిల్ ఆపి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది.

నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసి కూర్చున్నాను.

ఆ సొట్టబుగ్గల అమ్మాయి చాలా చెడ్డది కదా ఆంటీ అని అడిగింది పాప. నేనూ అలాంటిదాన్నే అన్నాను. ఎనిమిదో తరగతిలో మా బెంచీలో నత్తి ఉన్న అమ్మాయి ఉండేదనీ, ఆమెలా మాట్లాడి అందరినీ నవ్వించడం నా పని అనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. పాప సినిమా ఆపేసి, పెన్సిల్ పట్టుకుని పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎందుకు చేశావు? అందరూ నవ్వేవాళ్లు కాబట్టి. టీచర్ ఏమన్నారు? ఒకసారి ఆయనా నవ్వారు. ఆమె ఇప్పుడు ఎక్కడుంది? తెలియదన్నాను.

అబద్ధం. మా బడి వాట్సాప్ గ్రూపులో ఆమె ఉంది. చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న ఫొటో. బస్సు కండక్టరు. రెండేళ్లుగా ఒకే గ్రూపులో ఉండి కూడా నేనొక్క మాట పంపలేదు.

మర్నాడు ఫోన్ చేశాను. ఎవరండి అంది. పేరు చెప్పాను. వెనకాల బస్టాండు గోల వినిపిస్తోంది.

"ఓ, నువ్వా. న-నత్తి బాగా చేసేదానివి కదూ."

"అవునే. అందుకే ఫోన్ చేశాను. తప్పయిపోయింది."

"నాకంటే బాగా వ-వచ్చేది నీకు," అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. ఆమె ఆగలేదు. "ఆ ఏడాదంతా మాస్టారు పాఠం చదవమంటే క-కడుపునొప్పని కూర్చుండిపోయేదాన్ని. నీకు తెలుసా?"

"తెలీదే."

"తె-తెలియాలి కదా. అందుకే చెప్తన్నాను."

బస్సు బయల్దేరుతోందని పెట్టేసింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు సాయంత్రం కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. సార్ పాపం రెండు గ్లాసుల నీళ్లు తాగి లేచారు.

పాప తన పేజీలో తప్పు ఎక్కువ సినిమాలోని టీచర్‌దే అని రాసిందట, నవ్వకూడని చోట నవ్వినందుకు. నా సంగతీ రాశానని, పేరు మాత్రం పెట్టలేదని చెప్పింది.

వారం తర్వాత మా బెంచీ అమ్మాయి దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒమాన్‌లో ఆడ కండక్టర్లు ఉంటారా, బస్సులు ఎలా ఉంటాయి అని అడుగుతోంది. మాట అడ్డుపడిన చోట తొందరపడదు, వచ్చేదాకా ఆగుతుంది. నేనూ ఆగి వింటాను. అప్పటి నుంచి మెసేజులు వస్తూనే ఉన్నాయి. మొన్న ఒక కాలేజీ కుర్రాడు ఆమె టికెట్ అడిగే తీరును వెక్కిరించాడట. అతన్ని దింపలేదట. తన పక్కన నిలబెట్టుకుని, అతను దిగేదాకా వచ్చే ప్రతి స్టాపు పేరూ అతనిచేతే గట్టిగా పిలిపించిందట. "పా-పాపం, గొంతు పోయింది వాడికి," అంది.

ఈసారి సెలవుకి వెళ్లినప్పుడు ఆ బస్సెక్కాలి. ముందు సీటు ఆపుతానంది గానీ, నా చేత కూడా స్టాపులు పిలిపిస్తుందేమోనని కొంచెం భయంగానే ఉంది.