జరీ అంచు లేని జెండా

ఆ రోజుల్లో నాకు బతుకంటే ఏమిటో తెలియదు కానీ, మొండితనం మాత్రం ఇంటిల్లిపాదికీ పంచేంత ఉండేది. పంతొమ్మిదేళ్ళప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ టైలర్ దగ్గర చీరలకు ఫాల్ కుట్టేదాన్ని, కర్మన్‌ఘాట్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. "నౌకరీ ఉన్నన్ని దినాలే పట్నం. పోయిందంటే వచ్చి బర్రెలు కాయాలె" అని మా నాయన ముందే చెప్పి పంపాడు. (మా బర్రెలూ నాలాంటివే, చెప్పిన మాట వినవు.)

అది శ్రావణమాసం. షాపులో కుట్టాల్సిన జాకెట్ల గుట్ట నా ఎత్తు పెరిగింది. సరిగ్గా అప్పుడే ఎల్బీనగర్ నుంచి ఒక కాలనీ అధ్యక్షులవారు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. చేతికి మైకు దొరికితే వదలరని అందరూ మైకు బాబాయి అనేవారు. పంద్రాగస్టుకి జెండా కావాలట.

"ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చాలండీ, పొడుగ్గా రెపరెపలాడాలి. పక్క కాలనీ వాళ్ళది చూశాను, మరీ చప్పగా ఉంది. మనదానికి చుట్టూ జరీ అంచు వేయించండి. మధ్యలో తెలుపు ఖాళీగానే ఉంటుందిగా, అక్కడ కాలనీ పేరు రాయించండి."

మా మాస్టర్ (షాపు ఆయనదే, కటింగూ ఆయనదే) అన్నిటికీ తల ఊపుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది కానీ, జెండా సంగతి మాత్రం మా డ్రిల్లు సారు బెత్తంతో అరచేతిలో రాసి పంపాడు. పొడవు మూడు పాళ్ళయితే వెడల్పు రెండు పాళ్ళు, మీద ఒక్క అక్షరం ఉండకూడదు, నేల తగలకూడదు.

"జెండాకు జరీ ఏంది సార్? అదేమన్న పట్టుచీరనా?" అనేశాను.

"నీకెందుకే గీ పంచాయితీ? చెప్పింది కుట్టు" అన్నాడు మాస్టర్.

"ఆరుకు నాలుగైతే కుడత. జరీ పెట్టను, పేరు పెట్టను."

"పెట్టకపోతే పంద్రాగస్టు దాటినంక షాపుకు రాకు."

(ఆ క్షణమే వెళ్ళగొట్టేవాడే, జాకెట్లు అడ్డొచ్చాయి.)

నేను అన్నంత పనీ చేశాను. ఖద్దరు గుడ్డతో ఆరుకు నాలుగు కుట్టి, పక్క గల్లీలో అద్దకం చేసే ఆయనతో రెండు వైపులా చక్రం వేయించి, కాగితంలో చుట్టి పెట్టాను. జాకెట్లలో మునిగిన మాస్టర్ విప్పి చూడనే లేదు. నేను దారికొచ్చానని అనుకున్నాడు పాపం. పైగా కాలనీలో శాలువా కప్పుతారని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ పొద్దున నాతో బయలుదేరాడు.

సన్నగా తుంపర పడుతోంది, గాలి లేదు. అధ్యక్షులవారు తాడు లాగారు. జెండా పైకెక్కింది, పూలు రాలాయి, గుడ్డ విచ్చుకుంది. విచ్చుకుని, గాలి లేక, ఆరడుగుల పొడవూ అలాగే కిందికి వేలాడిపోసాగింది. అప్పుడు చూశాను, వాళ్ళు పాతిన కర్ర ఏడడుగుల నీళ్ళ పైపు! జెండా కొలత తెలుసని అంత విర్రవీగిన దాన్ని, కర్ర ఎంతుందని ఎవరినీ అడగలేదు.

"నేల తగుల్తది!" అని అరిచి, ఒక్క ఉరుకున పోయి, తడిసిన కొసను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. అంతలో జనగణమన మొదలైంది. అందరూ చేతులు కిందికి, నేనొక్కదాన్ని చేతులు పైకి, మునివేళ్ళ మీద.

"జరీ ఏదమ్మా?" పళ్ళు బిగించి గొణిగారు అధ్యక్షులవారు.

"పాట అయినంక మాట్లాడుండ్రి సార్."

పాట అయింది. మాస్టర్ నా దగ్గరికొచ్చాడు, శాలువా లేకుండా. "జరీ లేదు, పేరు లేదు, ఇగ నీకు నౌకరీ గూడ లేదు. పో."

"పోత. ముందుగాల ఎవరన్న పొడుగు కర్ర తేండ్రి, చేతులు గుంజుతున్నయి."

ఎవరో పరిగెత్తి కొత్త ఇంటి సెంట్రింగు దగ్గర నుంచి పొడవాటి సర్వీ కర్ర తెచ్చి పాతేదాకా నేను కొస వదల్లేదు. పైకెక్కాక కూడా జెండా ఎగరలేదనుకోండి, తడిసి ముద్దయింది కదా. అయినా నాకు తృప్తిగానే ఉంది.

నాయన అన్నట్టే అయింది. మళ్ళీ పట్నం చేరడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో జరీ వేసి ఉంటే బాగుండేదని ఒక్క పూట కూడా అనుకోలేదు. ఇప్పుడైతే ఎవరు గొంతు పెంచినా, ఎందుకొచ్చిన గొడవ అని నేనే తలుపు వేసుకుంటున్నాను. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్ల ఇవాళ నా గడపలోకి వస్తే, ముందు కర్ర చూసుకోవద్దా అని మొట్టికాయ వేస్తాను. ఆ తర్వాత కూర్చోబెట్టి, నొప్పి పెడుతున్న ఆ చేతులకు ఇంత కొబ్బరినూనె రాస్తాను.