కరువు సర్వేకు గొడుగు

రేపు పొద్దున నేను యాడికి అనే ఊరికి పోయే బస్సు గొడుగుతో ఎక్కబోతున్నాను. రెండేండ్లుగా చినుకు పడని ఊరికి గొడుగెందుకురా అని నవ్వకండి. ముందు టీ చెప్పండి, చెప్తాను.

మా యూనివర్సిటీలో ఈ ఏడు ఎం.ఏ.కి కొత్త పేపరు పెట్టినారు కదా, బీద దేశాలు ఎట్ల బాగుపడతాయి అని. చెప్పే ప్రొఫెసరు మొన్ననే ఫారిన్ నుంచి వచ్చినాడు. తలా ఇరవై ఫారాలు చేతిలో పెట్టి, కరువు ఊళ్లో ఇరవై ఇండ్లు తిరిగి నింపుకుని రమ్మన్నాడు. సోమవారానికి తేకపోతే పరీక్షకు కూర్చోనివ్వడంట. పెన్సిలుతోనే రాయండి అని కూడా అన్నాడు. ఎం.ఏ. చదివేవాడు పెన్సిలు పట్టుకుంటే ఊళ్లో ఏం మర్యాద? మా మామ ఇచ్చిన ఇంకు పెన్ను జేబులో దోపుకుని పోయినాను.

మొదటి ఇంటి ముందర నిలబడి, ఎన్ని ఎకరాలు, ఎన్ని గొర్రెలు అని అడిగినానో లేదో, తలుపు పడింది. రెండో ఇల్లూ అంతే. పన్ను వేసే సారనుకున్నారు. దొడ్లో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి, మాకు గొర్రెల్లేవంటారు! మధ్యాహ్నానికి ఒక్క ఫారమూ నిండలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఎదురైంది ఓబులమ్మవ్వ, వెనక నలుగురు ఆడవాళ్లతో. వాన కోసం కప్పను ఊరేగిస్తున్నారు. రోకలి మధ్యలో తడిగుడ్డలో కప్పను, వేపమండలను కట్టి, ఇద్దరు భుజాల మీద మోస్తూ, మిగతావాళ్లు వాన పాట పాడుతూ ఇంటింటికీ పోతారు. ప్రతి ఇల్లాలూ బయటికొచ్చి కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. కప్పకు తలుపు వేసే ఇల్లుండదు. చూడండి నా తెలివి! అవ్వా, ఒక పక్క నేను మోస్తానన్నాను.

ఇంక అడ్డే లేదు. కప్పను మోసేవాడు పన్నుల సారెట్లవుతాడు? హుసేనమ్మ అనే ఆమె అయితే నీళ్లు పోస్తూనే పిల్లలెందరో, గొర్రెలెన్నో, దాచిన పొట్టేలుతో సహా చెప్పింది. ఒక భుజాన రోకలి, ఇంకో భుజాన గుడ్డ సంచి, ఇంటింటి దగ్గరా పాట అయ్యేలోపల రాత. సాయంత్రానికి పంతొమ్మిది ఫారాలు! ఇట్లాంటి సర్వే మా ప్రొఫెసరు ఫారిన్‌లో కూడా చూసుండడని మురిసిపోయినాను.

చివరి ఇల్లు అవ్వదే. చివరి ఇంట్లో కప్పతో పాటు మోసినవాళ్ల నెత్తిన కూడా పోస్తారని నాకెవరూ చెప్పలేదు. అవ్వ నా మీద అభిమానంతో చెంబు పక్కన పెట్టి కడవే ఎత్తింది. నిలువునా తడిసినాను. సంచి తెరిచి చూస్తే పంతొమ్మిది సంసారాలూ ఒకటే నీలం ముద్ద. అక్కడ సంతోషంగా ఉన్నది కప్ప ఒక్కటే.

అవ్వ నా మొహం చూసి, "ఏమప్పా, సల్లగా ఉండాదా?" అన్నది.

అరవబోయినాను. ఇంతలో పక్కింటామె అవ్వను కోప్పడింది. "ఈ పొద్దుకుండేదే ఆ కడవ కదే. ఇప్పుడేం తాగుతావు?"

మైలు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లంట. నాకు నిజంగా సిగ్గేసింది. చల్లగా ఉందవ్వా అన్నాను.

తడిసిన ఇరవయ్యో ఫారాన్ని అరుగు మీద ఆరబెట్టి, బడి పంతులు దగ్గర పెన్సిలు అడుక్కుని అవ్వ వివరాలు రాసినాను. సోమవారం ప్రొఫెసరు దాన్ని పైకే చదివినాడు. ఇంటికి రోజుకు నీళ్లెన్ని? ఒక కడవ. దేనికి వాడినారు? సర్వేకు వచ్చినవాడి నెత్తిన పోయడానికి.

క్లాసంతా గొల్లుమన్నది. ఆయన మాత్రం నవ్వలేదు. వారం గడువిచ్చి, తన జేబులోని పెన్సిలు తీసి నా చేతిలో పెట్టినాడు.

అందుకే రేపటి ప్రయాణం. పోగానే అవ్వకు ఒక కడవ నీళ్లు మోసిపెట్టి, ఆ తర్వాతే ప్రశ్నలు. గొడుగు నాకు కాదు, ఫారాలకు. ఎందుకంటే వాన ఇంకా పడలేదు, అవ్వ నిన్న బస్సు కండక్టరుతో కబురు కూడా పంపింది: "ఆ సారుకు మోసేది బాగా అలవాటయింది, రోకలి ఎత్తిపెట్టినాం, రమ్మను."

బీద దేశాలను బాగుచేసే చదువు చదివినందుకు, ఆఖరికి ఆ ఊళ్లో నాకు ఖాయమైన ఉద్యోగం కప్పను మోసేది!