పాలపిట్ట బిళ్ల

ఉలి పట్టుకునే ముందు శ్రీపతి ఉక్కు అచ్చు మీద ఒక్కసారి ఊది, చొక్కా కొసతో తుడుస్తాడు. నాంపల్లి సందులో ముప్పై ఏళ్లుగా బిళ్లలకు అచ్చులు చెక్కుతున్నాడు. ఆయన పనిని ఇంతవరకు ఎవరూ తిప్పి పంపలేదు.

అబిడ్స్‌లో ఒక వర్తకుల సంఘం తన యాభయ్యో ఏట పాలపిట్ట బొమ్మతో వెండి బిళ్లలు పంచాలనుకుంది. శ్రీపతి ఈక ఈకా చెక్కాడు. సంఘం అధ్యక్షుడు రాధాకృష్ణమూర్తి నమూనా బిళ్లను వెలుతురుకు తీసుకెళ్లి చూశాడు.

"పిట్ట బాగుంది. కాలికి ఆ తాడేంటయ్యా?"

"ఉంటది గద సార్. ఏటా దసరాకు కట్టేసే తెస్తరు, పది రూపాయలిచ్చి చూస్త. తాడు లేని పాలపిట్టను మీరు యాడ చూసిన్రు?"

రాధాకృష్ణమూర్తి బిళ్లను తిరిగి శ్రీపతి చేతిలో పెట్టాడు.

"నేను చూసినవాటికీ ఉందిలే. కానీ బిళ్ల మీద బాగుండదు. రేపటికల్లా తీసెయ్, లేదంటే వేరేచోట చేయించుకుంటాం."

ఉక్కులో తవ్విన గీతను చెరపడం కుదరదు, లావు చేయడమే కుదురుతుంది. మర్నాడు పొద్దున్నే శ్రీపతి, పిట్ట కాళ్ల కింద పక్కకు సాగిన తాడును కొమ్మంత లావు చేసి, దానికి రెండు ఆకులు పెట్టాడు.