పది కలపడం మరిచిన రోజు

ఆ రోజు ఉదయం కిటికీ తలుపు తీసేసరికి మా ఎదురింటి గీతలాయన నడిరోడ్డు మీద మోకాళ్లపై ఉన్నాడు. చేతిలో టేపు, పళ్ల మధ్య సుద్దముక్క. ఒక కారు హారన్ మోగించుకుంటూ ఆయన్ని రాసుకున్నంత పని చేసి వెళ్లింది. ఆయన తల కూడా ఎత్తలేదు. పనిలో ఉంటే చుట్టూ ఎర్ర కోన్లు, ఒంటి మీద మెరిసే జాకెట్టు ఉంటాయి. ఆ రోజు రెండూ లేవు. పొయ్యి మీది పాలు దించి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను.

ఆ మనిషి సంగతి ముందు చెప్పాలి. ముప్పై ఒక్కేళ్లుగా ఆయన పని రోడ్ల మీద తెల్ల గీతలు వేయడం. అసలు పేరు జీతం రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడదు. నడిచేటప్పుడు తల దించుకునే నడుస్తాడు. సిగ్గేమో అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు, ఎక్కడ గీత చెరిగిందో చూసుకుంటాడు. మా ఇంటికొస్తే కూర్చోకముందే వంకరగా ఉన్న చాపను కాలితో సరిచేస్తాడు. పెళ్లెందుకు చేసుకోలేదని నేను అడగని ఏడాది లేదు. "రెండు గీతలు పక్కపక్కనే చక్కగా పోవాలంటే మధ్యలో కాస్త ఖాళీ ఉండాలక్కా. మన ఇళ్లలో అంత ఖాళీ ఎక్కడిది?" అని నవ్వేస్తాడు.

ఆ ఇంట్లో ఉండేది ఆయనా, చెల్లెలూ. చెల్లెలు బడి వ్యాను నడుపుతుంది. పధ్నాలుగు మంది పిల్లల్ని పొద్దున బడిలో దింపి సాయంత్రం ఇళ్లకు చేరుస్తుంది. అన్న ఎంత నెమ్మదో ఆమె అంత చురుకు. పిల్లలు ఎక్కేలోపే ఇంజను గుర్రుమంటూ ఉంటుంది.

మా వీధిలో వేగం గంటకు ముప్పై కిలోమీటర్లు దాటకూడదు. దాటని బండి ఉండేది కాదు. పోయినేడు ఒక బండి రిటైరైన పోస్టుమాన్ గారి కాలు విరగ్గొట్టి ఆగకుండా పోయింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది నేనే. ఎనిమిది నెలలకు కెమెరా వచ్చింది. స్తంభం కింద రోడ్డుకు అడ్డంగా పదకొండు తెల్ల గీతలు. గీతకీ గీతకీ మధ్య రెండు మీటర్లు, మొత్తం ఇరవై. బండి మొదటి గీత తొక్కినప్పుడు ఒక ఫోటో, చివరి గీత తొక్కినప్పుడు ఇంకో ఫోటో. మధ్యలో ఎంతసేపు పట్టిందో దాన్నిబట్టి వేగం తేలుతుంది. అయిదో తరగతితో బడి మానిన నాకే అర్థమయింది, అంత తేలిక లెక్క.

ఆ గీతలు గీసింది మా గీతలాయనే.

కెమెరా వచ్చిన మూడో నెలలో ఆయన చెల్లెలికి ఉత్తరం వచ్చింది. ముప్పై నాలుగు అని ఉంది. ముప్పై మూడు దాకా చూసీ చూడనట్టు వదిలేస్తారు, నాలుగైతే పట్టుకుంటారు. వేరే వీధుల్లో పట్టుబడిన ఉత్తరాలు రెండు అప్పటికే ఉన్నాయి. మూడోదంటే ఆరు నెలలు లైసెన్సు తీసుకుంటారు. ఆ ఆరు నెలలు పిల్లల్ని వేరెవరు తీసుకెళితే ఆ తరవాత ఆ పని వాళ్లదే. జవాబు రాసి పంపడానికి పధ్నాలుగు రోజులు గడువు.

"ఆ రెండూ నిజమే, ఆలస్యమై తొక్కాను. ఇది మాత్రం కాదు! ముప్పై రెండు దాటలేదు, నా కళ్లు మీటరు మీదే ఉన్నాయి" అని గేటు దగ్గర గొంతు చించుకుంది.

"కళ్లు ఉండాల్సింది మీటరు మీద కాదే, రోడ్డు మీద" అన్నాడు అన్న.

"నీలాగా రోడ్డు చూస్తూ నడిస్తే నేనూ పిల్లల్ని నడిపించుకునే వెళ్లాలి."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఉత్తరంలోని ఫోటో తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, ఫోటోలోని గీతల్ని చాలాసేపు చూశాడు. మర్నాడే నేను ఆయన్ని చూసింది, నడిరోడ్డు మీద.

"లే తమ్ముడూ! చావాలనుందా ఏం?" అని భుజం పట్టుకుని లాగాను.

ఆయన టేపు చూపించాడు. ఆ టేపు నాకు తెలుసు. పదేళ్ల కిందట మొదటి ముక్క వంగి విరిగిపోయింది. పారేయమంటే పారేయడు. పది సెంటీమీటర్ల అంకె నుంచి మొదలుపెట్టి, చివర పది కలిపి చదువుతాడు. రెండు మీటర్లు కావాలంటే రెండు పది దగ్గర సుద్ద పెట్టాలి.

"రెండు దగ్గరే పెట్టానక్కా. పది కలపలేదు. మొదటి కొలతకు ఏ అంకె పట్టుకుంటే ఆ రోజంతా చెయ్యి అదే పట్టుకుంటుంది. ఇరవై ఉండాల్సింది పంతొమ్మిదే ఉంది."

దూరం తగ్గితే బండి తొందరగా దాటుతుంది. తొందరగా దాటితే వేగం ఎక్కువ చూపిస్తుంది. ముప్పై రెండు ముప్పై నాలుగవుతుంది.

ఆ మొదటి కొలత నాకు గుర్తుంది. ఆ రోజు ఆయన నెత్తి మీద నిలబడింది నేనే. పదకొండు గీతలెందుకు, పది చాలవా? రంగులో మెరిసేదేమిటి? గాజు పూసలా, మరి టైర్లకు గుచ్చుకోవా? మొదటి గీత దగ్గర మొదలుపెట్టిన నోరు చివరి గీత దాకా మూయలేదు. ఆయన ఓపిగ్గా జవాబులు చెప్పాడు. చెబుతూనే సుద్ద పెట్టాడు.

"ఆఫీసులో చెప్పెయ్" అన్నాను.

"ఏమని? చెల్లెలి వ్యాను పట్టుబడగానే అన్నకు కొలత తప్పు గుర్తొచ్చిందనా? ఎవరు నమ్ముతారు? నాకింకా ఎనిమిది నెలల సర్వీసుంది."

"పోనీ నీ చెల్లెలికైనా చెప్పు."

"దానికి చెబితే వీధికి చెప్పినట్టే. నువ్వు కూడా..." అని నా వైపు చూశాడు. ఎవరికీ చెప్పనని తల ఊపాను.

నా చేత ఎవరూ అంత కష్టమైన పని చేయించలేదు. రోజూ ఆయన చెల్లెలు మా గేటు దగ్గర ఆగి, "అక్కా, వ్యాను నడిపేవాళ్లెవరైనా తెలుసా? ఆరు నెలలకే" అని అడిగేది. మాట నాలుక చివరిదాకా వచ్చేది, మింగేదాన్ని. గీతలాయన టీ గ్లాసు అరుగు మీద పెట్టుకుని తాగకుండానే లోపలికి తీసుకెళ్లేవాడు. వీధిలో బ్రేకు కీచుమంటే ఇద్దరం ఒకేసారి బయటికొచ్చేవాళ్లం. రోజులు లెక్కపెట్టాను. తొమ్మిది. పది. పన్నెండో రోజు ఆమె వ్యాను లోపలంతా కడిగి, సీట్ల కింద దొరికిన పెన్సిళ్లు, ఒక చిన్న సాక్సు ఏరి సంచిలో వేసుకుంటోంది, అప్పగించేదానిలాగా.

పదమూడో రోజు ఉదయం నేను వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

ఆయన చెప్పులేసుకున్నాడు.

రోడ్ల ఆఫీసులో సూపర్వైజరమ్మ చిన్నది, ఆయన సర్వీసంత వయసు కూడా ఉండదు. అంతా విని, టేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"వ్యాను ఎవరిది?"

"మా చెల్లెలిది మేడం."

"మీ చెల్లెలిది కాకపోతే వచ్చేవారా?"

ఇంకొకరైతే వచ్చేవాణ్నే అని చెప్పేవారు. ఆయన అలా అనలేదు. "తెలియదు మేడం. కొలిచి చూసేవాణ్నే కాదేమో."

నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. "మాట్లాడించింది నేనమ్మా! రాసేదేదో నా పేరు మీద రాసుకోండి" అని మధ్యలో దూరాను.

"మీరెవరు?"

"ఎదురింటిదాన్ని."

"ఎదురింటివాళ్ల ప్రశ్నలకు మా దగ్గర ఫారం లేదు పెద్దమ్మా" అంది, నవ్వకుండానే. కానీ లేచింది. ఆ మధ్యాహ్నమే కొలత చక్రం తెచ్చి స్వయంగా దొర్లించుకుంటూ నడిచింది. పంతొమ్మిది.

ఆ కెమెరా పంపిన ఉత్తరాలన్నీ వెనక్కి తీసుకున్నారు. చెల్లెలికి సంగతి తెలిసింది అప్పుడే. సంతోషిస్తుందనుకున్నాను.

"పన్నెండు రోజులు! నా చేతి వంట తింటూ, నేను డ్రైవరు కోసం ఊరంతా తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావా? ఈ అక్కకు తెలియొచ్చు, నాకు తెలియకూడదా?"

"ముప్పై రెండైనా ముప్పై దాటినట్టే కదే" అన్నాడాయన మెల్లిగా.

ఆమె పళ్లెం ఠపీమని పెట్టింది. ఆ పళ్లేనికి నేనే ఉలిక్కిపడ్డాను. తరవాత రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు. వ్యాను మాత్రం ఇరవై ఎనిమిది దాటనివ్వలేదు.

కెమెరాకు నల్ల సంచి తొడిగారు. సాయంత్రానికల్లా బండ్లన్నిటికీ తెలిసిపోయింది. పోస్టుమాన్ గారు కర్ర పుచ్చుకుని గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవారు. పిల్లలు వ్యాను ఎక్కే వేళకు గీతలాయన ఎర్ర జెండాతో రోడ్డు మధ్యన నిలబడడం మొదలుపెట్టాడు. పక్కన నేను. ఆయన మీద విచారణ ఉంటుందన్నారు. ఆ కాగితం ఇవాళ వస్తుందా, రేపు వస్తుందా అని ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

సంచి తొడిగిన పదకొండో రోజున, ఆ కాగితం ఇంకా రాకముందే, పాత గీతలు గీకేసి, కొత్తవి వేయడానికి ఆయన్నే పంపారు. చేతికి కొత్త టేపు ఇచ్చారు, మొదటి ముక్క చెక్కుచెదరనిది. ఈసారి నేను మా గేటు లోపలే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. సూపర్వైజరమ్మ కోన్ల పక్కన ఉంది. ఆయన టేపు లాగాడు. కొత్త టేపైనా చెయ్యి మాత్రం మొదటి గుర్తు మీద పది అంకెనే ఆనించింది. అలవాటు. ఆగి, తల తిప్పి నా కేసి చూశాడు.

"అక్కా, అంత దూరం నిలబడ్డావేం? ఇలా వచ్చి అంకె పైకి చదువు."

వెళ్లి వంగాను. "రెండు పది."

సుద్ద ఆ అంకె దాకా వచ్చి, రోడ్డుకు తగలకుండా ఆగింది.

"ఇంకోసారి చదువు."

"రెండు పది, తమ్ముడూ."

అప్పుడు పెట్టాడు. రెండో గీతకీ రెండుసార్లు చదివించాడు. మూడో గీతకీ అంతే.